అవతలి కొసన ఉన్నదెవరు?

కంప్యూటర్ లోపల ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి నిత్యం మాట్లాడుకుంటూనే ఉంటాయి. మాట్లాడుతున్నది ఎవరో తేల్చడంలో చిన్న పొరపాటు జరిగినా మొత్తం యంత్రం తాళాలు పరాయివాళ్ల చేతికి వెళ్లిపోవచ్చు.

ఫోన్‌లో వాతావరణ యాప్ తెరవగానే మన ఊరి పేరు, అక్కడి ఉష్ణోగ్రత కనిపిస్తాయి. నిజానికి మనం ఎక్కడున్నామో ఆ యాప్‌కు స్వయంగా తెలియదు. అదే ఫోన్‌లో తెర వెనుక నడిచే లొకేషన్ సేవను అడిగి తెలుసుకుంటుంది. ఆ సేవ జవాబు చెప్పేముందు ఒక విషయం నిర్ధారించుకోవాలి. అడుగుతున్నది మనం అనుమతి ఇచ్చిన యాపేనా, లేక దాని పేరు చెప్పుకుని వచ్చిన మరేదైనా ప్రోగ్రామా?

ఇదంతా రెప్పపాటు కంటే తక్కువ కాలంలో జరిగిపోతుంది. కెమెరా, మైక్రోఫోన్, ఫోన్ నంబర్ల జాబితా, ప్రింటర్, డేటాబేస్, ఇలా దేనిని వాడుకోవాలన్నా ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్ తలుపు తట్టాల్సిందే. తలుపు తట్టింది ఎవరో తెలుసుకోవడం సులువైన పనిలా కనిపిస్తుంది. కానీ యాభై ఏళ్లుగా ఆపరేటింగ్ సిస్టమ్‌లను తయారుచేస్తున్న నిపుణులను ఈ ప్రశ్న ఇప్పటికీ వెంటాడుతూనే ఉంది.

గోడలు, గొట్టాలు

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ప్రాసెస్ అంటారు. డిస్కులో ఉన్న ప్రోగ్రామ్‌ను కాగితం మీద రాసుకున్న వంట విధానం అనుకుంటే, ప్రాసెస్ అంటే పొయ్యి మీద ఉడుకుతున్న వంట. ఒకే విధానం చూసి నాలుగు పొయ్యిల మీద వండుకోవచ్చు. అలాగే ఒకే ప్రోగ్రామ్ నుంచి ఎన్నో ప్రాసెస్‌లు పుట్టవచ్చు. ఒక మామూలు ల్యాప్‌టాప్‌లో ఏ క్షణంలో చూసినా వందల ప్రాసెస్‌లు నడుస్తూ ఉంటాయి.

వీటి మధ్య గోడలు కట్టేది కెర్నల్. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం ఇది. మెమరీ, ప్రాసెసర్, డిస్కు అన్నీ దీని అదుపులోనే ఉంటాయి. ఒక ప్రాసెస్ మెమరీలోకి మరొకటి తొంగి చూడకుండా కెర్నల్ కాపలా కాస్తుంది. ఆ కాపలా లేకపోతే ఏదో ఒక ఆట యాప్ మన బ్యాంకు యాప్‌లోని సమాచారాన్ని నేరుగా చదివేయగలదు.

అయితే గోడలు మాత్రమే ఉంటే పని జరగదు. ప్రాసెస్‌లు కలిసి పనిచేయాలంటే సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలి. అందుకని కెర్నల్ తన పర్యవేక్షణలో కొన్ని మార్గాలు ఏర్పాటు చేస్తుంది. వాటిలో పాతది పైపు. తోటకు నీళ్లు పెట్టే రబ్బరు గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్టు ప్రోగ్రాములనూ కలపగలిగితే బాగుంటుందని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ ఒక చిన్న పత్రంలో రాశారు. 1973లో కెన్ థాంప్సన్ ఆ ఆలోచనను యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో అమలు చేశారు. ఒక ప్రోగ్రామ్ బయటికి పంపే అక్షరాలు గొట్టంలోంచి పారి రెండో ప్రోగ్రామ్‌లోకి చేరతాయి.

మొదట్లో ఈ గొట్టానికి రెండు కొసల్లో ఉండేవి ఒకే కుటుంబానికి చెందిన ప్రాసెస్‌లు. తల్లి ప్రాసెస్ గొట్టాన్ని తయారుచేసి తన పిల్ల ప్రాసెస్‌ల చేతికి చెరో కొస ఇస్తుంది. కాబట్టి అవతల ఉన్నదెవరన్న అనుమానానికి తావుండేది కాదు. 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ శాఖ నుంచి వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్ పరిస్థితిని మార్చింది. దానితో వచ్చిన యూనిక్స్ డొమైన్ సాకెట్‌కు ఒక ఫైలు పేరు లాంటి చిరునామా ఉంటుంది. ఆ చిరునామా తెలిసి, అక్కడికి చేరే అనుమతి ఉంటే ముక్కూ మొహం తెలియని ప్రాసెస్ కూడా వచ్చి కనెక్షన్ కోరవచ్చు. గుర్తింపు సమస్య అక్కడి నుంచి మొదలైంది.

కవరు మీద పేరు, తపాలా ముద్ర

వచ్చినవాళ్లను గుర్తించడానికి అన్నిటికంటే తేలిక దారి ఏమిటి? నీ పేరేమిటని వాళ్లనే అడగడం. అన్నిటికంటే పనికిరాని దారి కూడా అదే. కవరు మీద పంపినవారి చిరునామా దగ్గర ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. కానీ ఏ పోస్టాఫీసులో, ఏ తేదీన వేశారో చెప్పే ముద్ర మాత్రం తపాలా శాఖ కొడుతుంది. ఆ ముద్ర పంపినవాళ్ల చేతిలో ఉండదు.

కంప్యూటర్‌లో ఆ ముద్ర కొట్టేది కెర్నల్. ప్రతి ప్రాసెస్‌ను పుట్టించింది, ఏ వాడుకరి తరఫున నడుస్తోందో రాసిపెట్టుకున్నది, రెండు ప్రాసెస్‌ల మధ్య మార్గాన్ని కలిపింది అన్నీ అదే. కాబట్టి అవతలి కొసన ఎవరున్నారో నమ్మదగ్గ జవాబు చెప్పగలిగింది కూడా అదొక్కటే. లైనక్స్‌లో ఒక సాకెట్‌ను చూపించి అవతలి వ్యక్తి వివరాలు ఇవ్వమని ప్రోగ్రామ్ అడిగితే, కెర్నల్ మూడు సంఖ్యలు ఇస్తుంది. ఒకటి ప్రాసెస్ సంఖ్య, దీన్ని పీఐడీ అంటారు. రెండోది వాడుకరి సంఖ్య, అంటే యూఐడీ. మూడోది ఆ వాడుకరి చెందిన బృందం సంఖ్య. కనెక్షన్ ఏర్పడిన క్షణంలో నమోదైన వివరాలివి. తర్వాత అవతలి ప్రాసెస్ తన వేషం మార్చుకున్నా ఇవి మారవు.

ఈ సౌకర్యాన్ని వాడుకునే ప్రసిద్ధ ఉదాహరణ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్. అదే యంత్రం నుంచి సాకెట్ ద్వారా వచ్చేవారిని పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి రానిచ్చే పద్ధతి దానిలో ఉంది. వచ్చింది ఎవరో కెర్నల్ చెబితే దానికి చాలు.

ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ సూత్రం ఇదే. అక్కడ ప్రాసెస్‌ల మధ్య సంభాషణ చాలావరకు బైండర్ అనే మార్గంలో నడుస్తుంది. ఆండ్రాయిడ్ సాధారణంగా ప్రతి యాప్‌కూ ఒక ప్రత్యేక యూఐడీ కేటాయిస్తుంది. మామూలు యాప్‌లకు ఈ సంఖ్యలు 10000 నుంచి మొదలవుతాయి. ఒక యాప్ లొకేషన్ సేవను పిలిచినప్పుడు పిలిచినవారి యూఐడీని కెర్నల్‌లోని బైండర్ భాగమే సందేశానికి జతచేస్తుంది. యాప్ దాన్ని దిద్దలేదు. లొకేషన్ సేవ ఆ సంఖ్య చూసి, దానికి మనం అనుమతి ఇచ్చామా లేదా అని జాబితాలో సరిచూసుకుంటుంది. ఫోన్ తెర మీద మనం నొక్కే 'అనుమతించు' అనే బొత్తాం వెనుక ఉన్న బలమంతా ఈ ముద్రలోనే ఉంది.

అనుమానం వ్యతిరేక దిశలోనూ ఉంటుంది. అడిగేవాడు దొంగ కావచ్చు, జవాబు చెప్పేవాడూ దొంగ కావచ్చు. అసలు సేవ మొదలుకాకముందే మరో ప్రోగ్రామ్ ఆ చిరునామాను ఆక్రమించి కూర్చుంటే, వచ్చినవాళ్లు తమ రహస్యాలన్నీ దానికే అప్పగిస్తారు. అందుకే ముఖ్యమైన సేవల చిరునామాలను మామూలు వాడుకరులు ఏమీ రాయలేని డైరెక్టరీలలో పెడతారు.

తీగ పట్టుకుని డొంక కదిలించడం

పైన చెప్పినదంతా సంభాషణలో ఉన్న ప్రోగ్రామ్ తన ఎదుటివాళ్లను గుర్తించడం గురించి. ఒక్కోసారి బయటినుంచి చూసే మనిషికి కూడా ఈ అవసరం పడుతుంది. సర్వర్‌లో ఒక సేవ మొరాయిస్తుంది, లేదా తెలియని ప్రోగ్రామ్ ఏదో డేటాబేస్‌తో మాట్లాడుతున్నట్టు అనుమానం వస్తుంది. అప్పుడు సిస్టమ్ నిర్వాహకులు గొట్టం పట్టుకుని రెండో కొస దాకా వెళ్లాలి.

లైనక్స్‌లో దీనికి దారి చూపేది ప్రోక్ అనే డైరెక్టరీ. నడుస్తున్న ప్రతి ప్రాసెస్‌ను ఒక ఫోల్డర్‌లా చూపించాలన్న ఈ ఆలోచనను 1984లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన టామ్ కిలియన్ ప్రతిపాదించారు. లైనక్స్ దాన్ని అందిపుచ్చుకుని చాలా విస్తరించింది. ప్రోక్‌లో కనిపించేవి డిస్కు మీది ఫైళ్లు కావు. మనం చూసినప్పుడల్లా కెర్నల్ అప్పటికప్పుడు రాసి చూపించే వివరాలు.

ఒక ప్రాసెస్ ఫోల్డర్ తెరిస్తే, అది తెరిచి పెట్టుకున్న ఫైళ్లు, పైపులు, సాకెట్ల జాబితా కనిపిస్తుంది. ఉదాహరణకు ఒక ప్రోగ్రామ్ ఫైళ్ల పేర్లను వరుసగా పంపుతోంది, మరొకటి వాటిని లెక్కపెడుతోంది అనుకుందాం. మొదటి ప్రాసెస్ జాబితాలో 'పైపు 48213' అని ఉంటుంది. ఇక మిగతా ప్రాసెస్‌ల జాబితాలన్నీ వెతికి 48213 ఇంకెక్కడ ఉందో చూడాలి. కనబడిన చోటే రెండో కొస. పైపు ఒకటే కాబట్టి దాని సంఖ్య రెండు కొసల్లోనూ ఒకటే ఉంటుంది.

సాకెట్ దగ్గర ఈ చిట్కా పనిచేయదు. కనెక్షన్‌లో రెండు కొసలకూ రెండు వేర్వేరు సంఖ్యలు ఉంటాయి. ఒక కొసన 51007 ఉంటే అవతల 51008 ఉండవచ్చు, 90442 కూడా ఉండవచ్చు. ఏ సంఖ్యకు జత ఏదో కెర్నల్‌కు మాత్రమే తెలుసు. 2012 నుంచి లైనక్స్ కెర్నల్ ఈ జతల పట్టికను బయటికి ఇస్తోంది. సాకెట్ల వివరాలు చూపే ఎస్ఎస్ అనే ఉపకరణం ఆ పట్టిక చదివి రెండు కొసలనూ పక్కపక్కన చూపుతుంది. తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్ఎస్ఓఎఫ్ అనే పేరున్న ఉపకరణం కూడా ఈ పనికి ఉపయోగపడుతుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన విక్ ఏబెల్ దాన్ని రూపొందించారు.

ఇతరుల ప్రాసెస్‌ల ఫోల్డర్లలోని ఈ జాబితాలను చూడటానికి మామూలు వాడుకరికి అనుమతి ఉండదు. యంత్రంపై సర్వాధికారాలు ఉన్న 'రూట్' వాడుకరికే ఉంటుంది. రూట్ యూఐడీ ఎప్పుడూ సున్నా. తర్వాతి కథలో ఈ సున్నాదే ముఖ్య పాత్ర.

గది నంబరు చూసి మనిషిని పోల్చుకుంటే

సంఖ్యలతో గుర్తింపులో ఒక ప్రమాదం దాగి ఉంది. యాత్రాస్థలంలోని సత్రంలో 204వ నంబరు గదిలో మీ బంధువులు దిగారు. వాళ్లకు ఇవ్వమని ఒక పొట్లం ఇచ్చి, 204లో ఇచ్చి రమ్మని కుర్రాణ్ణి పంపారు. అతను వెళ్లేలోగా బంధువులు గది ఖాళీ చేశారు, మరెవరో దిగారు. కుర్రాడు చెప్పినట్టే చేశాడు, పొట్లం మాత్రం పరాయివాళ్లకు చేరింది.

పీఐడీ అచ్చం గది నంబరు లాంటిదే. ప్రాసెస్ ముగిసిపోగానే దాని సంఖ్య ఖాళీ అవుతుంది. కెర్నల్ ఒక్కో కొత్త ప్రాసెస్‌కు వరుసగా పై సంఖ్య ఇస్తూ, గరిష్ఠ పరిమితి చేరాక మళ్లీ కింది నుంచి ఖాళీగా ఉన్నవాటిని పంచుతుంది. లైనక్స్‌లో చాలాకాలం ఈ పరిమితి 32,768 గానే ఉండేది. ఆధునిక ప్రాసెసర్‌కు అన్ని ప్రాసెస్‌లను పుట్టించి చంపడం పెద్ద పని కాదు. దురుద్దేశం ఉన్న ప్రోగ్రామ్ కావాలనే వేలాది ప్రాసెస్‌లను పుట్టిస్తూ తనకు కావలసిన సంఖ్య వచ్చేదాకా చక్రం తిప్పగలదు. 64 బిట్ యంత్రాల్లో ఈ పరిమితిని 41,94,304 దాకా పెంచుకోవచ్చు. 2019 నుంచి చాలా లైనక్స్ వ్యవస్థల్లో అంతే ఉంటోంది. దానివల్ల చక్రం తిప్పడానికి ఎక్కువ సమయం పడుతుంది, అంతే. ప్రమాదం పూర్తిగా పోదు.

అసలు చిక్కు రెండు పనుల మధ్య ఉన్న ఖాళీలో ఉంది. ముందు గుర్తింపు సరిచూస్తాం, తర్వాత ఆ గుర్తింపును నమ్మి పనిచేస్తాం. ఈ రెంటికీ మధ్య మిల్లీసెకనులో కొంత భాగమే ఉండవచ్చు. అయినా లోకం మారిపోవడానికి అది చాలు. ఈ తరహా లోపాలను భద్రతా నిపుణులు 'పరుగు పందెం' లోపాలు అంటారు. సరిచూసేవాడికీ, మోసం చేసేవాడికీ మధ్య ఎవరు ముందు అన్న పోటీ కాబట్టి ఆ పేరు.

ఎనిమిది మిల్లీసెకన్లలో రూట్

చాలా లైనక్స్ వ్యవస్థల్లో పోల్‌కిట్ అనే సేవ ఉంటుంది. కొత్త వాడుకరి ఖాతా తెరవడం లాంటి పనులకు ఎవరికి అధికారం ఉందో అదే నిర్ణయిస్తుంది. ప్రోగ్రాములు దానితో డీబస్ అనే ఉమ్మడి మార్గం ద్వారా మాట్లాడతాయి. డీబస్‌ను ఒక టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లా ఊహించుకోవచ్చు. వచ్చిన ప్రతి కనెక్షన్‌కూ అది ఒక ప్రత్యేకమైన పేరు ఇస్తుంది. ఆ పేరును మళ్లీ ఇంకెవరికీ కేటాయించదు. గది నంబరు సమస్య తెలిసి చేసిన మంచి ఏర్పాటు ఇది.

ఒక మామూలు వాడుకరి తన యంత్రంలో నిర్వాహకుడి హోదాతో కొత్త ఖాతా తెరవమని అడిగాడనుకుందాం. ఖాతాల సేవ ఆ విషయాన్ని పోల్‌కిట్‌కు నివేదిస్తుంది. పోల్‌కిట్ డీబస్‌ను అడుగుతుంది: ఈ పేరుగల కనెక్షన్ వెనుక ఉన్నది ఏ యూఐడీ? జవాబు సున్నా అయితే అడిగింది రూట్ కాబట్టి వెంటనే అనుమతిస్తుంది. వేరే సంఖ్య వస్తే నిర్వాహకుడి పాస్‌వర్డ్ అడుగుతుంది.

2021 జూన్‌లో గిట్‌హబ్ సెక్యూరిటీ ల్యాబ్ పరిశోధకుడు కెవిన్ బ్యాక్‌హౌస్ ఈ వరుసలోని ఒక లోపాన్ని బయటపెట్టారు. అడిగిన ప్రాసెస్ సందేశం పంపిన వెంటనే చచ్చిపోతే ఏమవుతుంది? పోల్‌కిట్ ఆరా తీసేసరికి ఆ కనెక్షనే ఉండదు. అలాంటివారెవరూ లేరని డీబస్ సక్రమంగానే చెబుతుంది. పోల్‌కిట్ ఆ జవాబును చాలా చోట్ల సరిగానే అర్థం చేసుకునేది. ఒక్క చోట మాత్రం తప్పుగా అర్థం చేసుకుంది. యూఐడీ తెలియలేదు అన్న సమాచారం దారిలో పోయి, అడిగింది సున్నా అన్నట్టుగా లెక్క కుదిరింది. ఎవరూ లేని కుర్చీలో రూట్ కూర్చున్నట్టు పోల్‌కిట్ భావించి అనుమతి ఇచ్చేసింది.

దీన్ని వాడుకోవడానికి ప్రత్యేక సాధనాలేమీ అక్కర్లేదు. బ్యాక్‌హౌస్ యంత్రంలో ఆ విన్నపం పూర్తవడానికి సుమారు 16 మిల్లీసెకన్లు పట్టింది. అందులో సగం, అంటే దాదాపు 8 మిల్లీసెకన్ల దగ్గర ఆ ప్రాసెస్‌ను చంపేస్తే చాలు. అన్నిసార్లూ కుదరదు, కొన్నిసార్లు ప్రయత్నించాలి. కుదిరినప్పుడు పాస్‌వర్డ్ లేకుండానే నిర్వాహకుడి హోదాతో కొత్త ఖాతా సిద్ధమవుతుంది. ఆ ఖాతాతో యంత్రమంతా చేతిలోకి వస్తుంది. అయితే దాడి చేసేవారికి ముందుగా ఆ యంత్రంలో ఏదో ఒక మామూలు ఖాతా అయినా ఉండాలి.

ఈ లోపం పోల్‌కిట్‌లోకి వచ్చి అప్పటికి ఏడేళ్లయింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8, ఉబుంటు 20.04 వంటి విస్తృతంగా వాడే వ్యవస్థల్లోనూ అది ఉంది. వివరాలు వెల్లడించే నాటికే సవరణ కూడా విడుదలైంది. ఇందులో గూఢలిపి ఛేదించడం గానీ, గోడలు పగలగొట్టడం గానీ లేదు. ఎవరో తెలియలేదు అన్న జవాబుకు, ఫలానావాడు అన్న జవాబుకు తేడా చెరిగిపోవడమే మొత్తం కథ.

పుట్టిన సమయం కూడా చాలలేదు

పీఐడీ ఒక్కటే చాలదని పోల్‌కిట్ రూపకర్తలకు ముందే తెలుసు. ఒకసారి పాస్‌వర్డ్ ఇస్తే కొన్ని నిమిషాలు మళ్లీ అడగకుండా ఉండే వెసులుబాటు దానిలో ఉంది. ఆ తాత్కాలిక అనుమతి ఏ ప్రాసెస్‌దో గుర్తుపెట్టుకోవడానికి పీఐడీతో పాటు ఆ ప్రాసెస్ పుట్టిన సమయాన్నీ నమోదు చేసేవారు. సత్రంలో గది నంబరుతో పాటు దిగిన సమయం కూడా రాసుకున్నట్టన్నమాట. రెండూ ఒకేలా ఉన్న ఇద్దరు వేర్వేరు మనుషులు దొరకడం అసాధ్యం అనిపిస్తుంది.

గూగుల్ ప్రాజెక్ట్ జీరోకు చెందిన యాన్ హార్న్ ఆ ఊహ తప్పని తేల్చారు. 2019 జనవరిలో ఈ సంగతి బయటికొచ్చింది. లైనక్స్‌లో ఒక ప్రాసెస్ పుట్టడం ఒక్క క్షణంలో ముగిసే పని కాదు. పుట్టిన సమయాన్ని ముందు రాస్తారు, పీఐడీని కాసేపటి తర్వాత కేటాయిస్తారు. ఆ రెండు అడుగుల మధ్య పని నెమ్మదించేలా చేయగలిగితే, సమయం ముందుగా నమోదైన ప్రాసెస్ ఒకటి పీఐడీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అంతలో అనుమతి పొందిన ప్రాసెస్ ముగిసి దాని సంఖ్య ఖాళీ అయితే, ఈ కొత్తది దాన్ని దక్కించుకోవచ్చు. అప్పుడు సంఖ్యా అదే, పుట్టిన సమయమూ అదే, ప్రాసెస్ మాత్రం వేరు. తర్వాతి సవరణలో యూఐడీని కూడా పోల్చి చూడటం చేర్చారు.

లైనక్స్‌కే పరిమితమైన సమస్య కాదిది. విండోస్‌లో నేమ్‌డ్ పైపు అనే మార్గం ఉంది. దాని అవతలి కొసన ఉన్న ప్రాసెస్ సంఖ్యను చెప్పే సౌకర్యం విండోస్ విస్టా నుంచి వచ్చింది. ఆ సంఖ్యను మోసపూరితంగా మార్చి చూపే దారులున్నాయని 2019లో ప్రాజెక్ట్ జీరో పరిశోధకుడు జేమ్స్ ఫోర్షా వివరించారు. యాపిల్ మ్యాక్‌లలో సందేశంతో పాటు కెర్నల్ ఒక ఆడిట్ టోకెన్‌ను జతచేస్తుంది. అందులో పీఐడీతో పాటు ఒక వెర్షన్ సంఖ్య కూడా ఉంటుంది. పీఐడీ మరో ప్రాసెస్‌కు వెళ్లినా వెర్షన్ సంఖ్య వేరుగా ఉంటుంది కాబట్టి తేడా పట్టుకోవచ్చు. ఆ టోకెన్‌ను పక్కనపెట్టి పీఐడీని మాత్రమే నమ్మిన మ్యాక్ ప్రోగ్రాములు ఇదే తరహా దాడులకు లోనయ్యాయి.

సంఖ్యకు బదులు పట్టు

ఇన్నేళ్ల అనుభవం నేర్పిన పాఠం ఒకటి ఉంది. సంఖ్య అంటే ఒక పేరు మాత్రమే. పేరు ఒకరి నుంచి మరొకరికి మారవచ్చు. కాబట్టి పేరు రాసుకుని తర్వాత వెతకడం కన్నా, మనిషి చేయి పట్టుకునే ఉండటం మేలు. గదిలోని మనిషి చేయి పట్టుకుని ఉంటే, అతను వెళ్లిపోయాడా లేదా అన్నది మనకు తప్పకుండా తెలుస్తుంది. అతని చోటులో మరొకరు వచ్చి నిలబడలేరు.

2019 నుంచి లైనక్స్ కెర్నల్‌లో పీఐడీఎఫ్‌డీ పేరుతో ఇలాంటి పట్టు అందుబాటులోకి వచ్చింది. ఇది ఒక ప్రత్యేక ప్రాసెస్‌ను పట్టుకునే పిడి లాంటిది. ఆ ప్రాసెస్ చనిపోతే పిడి ఉత్తదవుతుంది. అదే సంఖ్యతో పుట్టిన మరో ప్రాసెస్‌ను అది ఎన్నటికీ సూచించదు. 2023 ఆగస్టులో వచ్చిన లైనక్స్ 6.5 మరో అడుగు ముందుకు వేసింది. సాకెట్ అవతలి కొసన ఉన్న ప్రాసెస్ గురించి అడిగినప్పుడు సంఖ్యకు బదులు నేరుగా ఈ పిడినే ఇవ్వమని కోరే వీలు కల్పించింది. సాకెట్లు వచ్చిన నాలుగు దశాబ్దాలకు ఈ ఏర్పాటు కుదిరింది.

ఇంకా మిగిలిన చిక్కులు

పిడి దొరికినంత మాత్రాన ప్రశ్న పూర్తిగా తీరదు. అవతలి కొసను ఒక్క ప్రాసెస్సే పట్టుకుని ఉండాలన్న నియమం లేదు. తల్లి ప్రాసెస్ తెరిచిన సాకెట్ పిల్లలకు వారసత్వంగా వెళుతుంది. సాకెట్ కొసను ఒక సందేశంలో పెట్టి ఇంకో ప్రాసెస్‌కు పంపే సౌకర్యం కూడా ఉంది. కనెక్షన్ మొదలుపెట్టింది ఎవరో కెర్నల్ చెబుతుంది. ఇప్పుడు దానిలోంచి మాట్లాడుతున్నది వాళ్లేనా అంటే అది వేరే ప్రశ్న.

కంటైనర్లు మరో చిక్కు. నేటి సర్వర్లలో ప్రోగ్రాములను చిన్న చిన్న పెట్టెల్లో విడివిడిగా నడుపుతున్నారు. ఒక్కో పెట్టెలో పీఐడీలు 1 నుంచి మొదలవుతాయి. ఒకే ప్రాసెస్‌కు పెట్టె లోపల ఒక సంఖ్య, బయట మరో సంఖ్య ఉంటాయి. అడిగినవాళ్లు ఎక్కడున్నారో చూసి కెర్నల్ తగిన సంఖ్య చెబుతుంది. చెప్పే వీలు లేకపోతే సున్నా ఇస్తుంది. ఆ సున్నాకు అర్థం 'ఇక్కడి నుంచి కనబడని ప్రాసెస్' అని. అది తెలియక రాసిన ప్రోగ్రామ్ పొరబడే అవకాశం ఉంది.

అన్నిటికంటే సూక్ష్మమైనది మధ్యవర్తి సమస్య. అధికారం లేని ప్రోగ్రామ్ నేరుగా వెళ్లకుండా, అధికారం ఉన్న మరో ప్రోగ్రామ్‌ను పంపి పని చేయించుకుంటుంది. తలుపు దగ్గర చూస్తే వచ్చినవాళ్ల గుర్తింపు నిజమైనదే, ఉద్దేశం మాత్రం వేరొకరిది. నార్మ్ హార్డీ 1988లోనే ఈ సమస్యను 'గందరగోళపడ్డ సహాయకుడు' అన్న అర్థం వచ్చే పేరుతో వర్ణించారు. ఎవరు వచ్చారన్నదే కాక, ఎవరి తరఫున వచ్చారన్నదీ చూడాలని ఆయన వ్యాసం గుర్తుచేసింది.

మనకేమిటి సంబంధం?

మన దేశంలో అత్యధిక స్మార్ట్‌ఫోన్లు ఆండ్రాయిడ్‌వే. వాటి అడుగున ఉన్నది లైనక్స్ కెర్నల్. సీడాక్ రూపొందించిన బాస్ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా లైనక్స్ కుటుంబానిదే. కేరళ ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లు లైనక్స్‌తోనే నడుస్తున్నాయి. మనం రోజూ చేసే చెల్లింపులు, దరఖాస్తులు, టికెట్ల వెనుక ఉన్న సర్వర్లలోనూ లైనక్స్ వాడకం విస్తృతం. అవతలి కొసన ఎవరన్న ప్రశ్నకు కెర్నల్ ఇచ్చే జవాబు, ఆ జవాబును ప్రోగ్రాములు అర్థం చేసుకునే తీరు మనందరి భద్రతకూ సంబంధించినవే.

మామూలు వాడుకరులు చేయగలిగింది రెండు పనులు. సిస్టమ్ అప్‌డేట్ వచ్చినప్పుడు వాయిదా వేయకపోవడం మొదటిది. పోల్‌కిట్ లోపం సరిచేసినట్టే ఇలాంటి సవరణలు ఆ అప్‌డేట్ల రూపంలోనే వస్తాయి. అనుమతి అడిగే యాప్‌కు ఆ అనుమతి నిజంగా అవసరమా అని ఆలోచించడం రెండోది. పిలిచింది ఏ యాపో కెర్నల్ కచ్చితంగా చెప్పగలదు గానీ, ఆ యాప్ మంచిదో కాదో చెప్పలేదు. ఆ నిర్ణయం మనదే.

ప్రోగ్రాములు రాసే విద్యార్థులకు మూడో పని ఉంది. తమ ప్రోగ్రామ్‌కు విన్నపం వచ్చినప్పుడు, పంపినవారి గుర్తింపు తెలియలేదని కెర్నల్ చెబితే ఏం చేయాలో ముందే నిర్ణయించి రాసుకోవాలి. అలాంటప్పుడు తలుపు మూసి ఉంచడమే సురక్షితం. ఏడేళ్ల పాటు ఎవరి కంటా పడని ఆ లోపంలో తలుపు తెరుచుకుంది సరిగ్గా ఆ ఒక్క సందర్భంలోనే.